‘కంప్రెసర్ గేలా’ అంటే నిజంగా పోయిందేమిటి?

మా ఇంట్లో ఒకే ఏసీ గురించి ఒకే మాట మూడేళ్ల తేడాతో రెండుసార్లు విన్నాను. “కంప్రెసర్ గేలా, కాకా.” కంప్రెసర్ పోయిందట. మొదటిసారి చెప్పింది తప్పు, రెండోసారి చెప్పింది నిజం. మొదటిసారి నమ్మి ఉంటే 14 వేలు ఊరికే పోయేవి. రెండోసారి నమ్మనని మొండికేసి ఉంటే అంతకంటే ఎక్కువే పోయేవి.

బాగు చేయించాలా, కొత్తది కొనాలా అని ఎవరిని అడిగినా ఒకే సూత్రం చెబుతారు: రిపేరు ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటితే పారేయ్. ఆ సూత్రం మీద నాకు గౌరవం లేదు. నాలుగేళ్ల ఏసీకీ పదకొండేళ్ల ఏసీకీ ఒకే సగం ఎలా అవుతుంది? అంతకంటే ముందు, పోయిందో లేదో తేలకుండా సగమేమిటి, పావేమిటి?

మాది బల్లార్పూర్. చంద్రపూర్ జిల్లా, మహారాష్ట్ర. నాగపూర్ వైపు రైల్లో వెళ్లే తెలుగువాళ్లకు బల్లార్షా స్టేషన్ అంటే తెలుస్తుంది. మా తాత బొగ్గు బావుల పనికి ఇటొచ్చాడు. ఇంట్లో తెలుగు, గడప దాటితే మరాఠీ, బజార్లో హిందీ. ఏసీ మిస్త్రీతో మాత్రం మూడూ కలిపి కొట్టాల్సిందే. ఇక్కడ మే నెలలో 45 డిగ్రీలు దాటడం లోపలి పేజీ వార్త. పొడి ఎండ కాబట్టి వట్టివేరు తడకలు గానీ గడ్డి తడకలు గానీ పెట్టిన పెద్ద కూలరు ఉంటే చాలు, జూన్ దాకా బతికేయొచ్చు. మా ఊళ్లో చాలామంది ఇప్పటికీ అలాగే బతుకుతున్నారు. మేం 2014లో ఏసీ కొన్నది చల్లదనం కోసం కాదు, నిశ్శబ్దం కోసం. మా బాపు, అంటే నాన్న, ముప్పై ఏళ్లు గనిలో రాత్రి డ్యూటీలు చేసి, కూలరు మోతలో పగటి నిద్రలు పోయిన మనిషి. రిటైరయ్యాక చేతికొచ్చిన డబ్బులో మొదట కొన్నది అదే. ఒకటిన్నర టన్ను, కరెంటు పొదుపుకు మూడు చుక్కలు (స్టార్లు), మోటారు వేగం మార్చుకునే ఇన్వర్టర్ రకం కాదు, పాత తరం ఆర్-22 గ్యాస్.

2022 మే నెల. ఏసీ వేస్తే పావుగంట చల్లగా వచ్చి, ఆ తర్వాత ఫ్యాను గాలి మాత్రమే వచ్చేది. బయట యూనిట్ ‘మ్‌మ్‌మ్’ అని రెండు సెకన్లు మూలిగి, టక్కుమని ఆగేది. వచ్చిన కుర్రాడు పై మూత తీశాడు, కంప్రెసర్ మీద చెయ్యి పెట్టి వెంటనే లాక్కున్నాడు, తీర్పు చెప్పేశాడు. అన్నీ కలిపి 14 వేలు, లేదంటే పాతది ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయండి అన్నాడు. ఐదు నిమిషాలు పట్టలేదు. మీటరు సంచిలోంచి బయటికే రాలేదు.

మరుసటి రోజు మా వీధి చివర ఉండే పెద్ద మిస్త్రీని పిలిచాను. బెల్లంపల్లి మనిషి, గనిలో మోటార్లు చూసి చూసి రిటైరైనవాడు. ఆయన ముందు వోల్టేజీ చూశాడు, 187. నా వంక చూశాడు. తర్వాత కెపాసిటర్ విప్పి మీటరు పెట్టాడు. డబ్బా మీద 50 మైక్రోఫారడ్‌లు అని రాసుంది, మీటరు 31 చూపించింది. డబ్బా పైభాగం పొంగిన పూరీలా ఉబ్బి ఉంది.

“గిది సచ్చింది గాదు తమ్మీ. దమ్ము లేక కూలవడ్డది.”

కంప్రెసర్ లోపల ఉండేది ఒక మోటారు, దానికి తగిలించిన, గ్యాసును పైపుల్లో తిప్పే పంపు. రెండింటినీ నూనెతో సహా ఒక ఇనుప గుండులో పెట్టి అతికేస్తారు, విప్పే వీలుండదు. ఇన్వర్టర్ కాని ఏసీలో మోటారు కదలాలంటే కెపాసిటర్ ఒక తోపు తొయ్యాలి. ఆ తోపు బలహీనపడితే మోటారు తిరగలేక మూలుగుతుంది, కరెంటు ఎక్కువ లాగి వేడెక్కుతుంది. అప్పుడు ఓవర్‌లోడ్ అనే చిన్న బిళ్ళ దాన్ని ఆపేస్తుంది. అది చల్లారడానికి చాలాసేపు పడుతుంది. బయటి నుంచి చూసేవాడికి ఇదంతా అచ్చం కంప్రెసర్ చావులాగే కనిపిస్తుంది. తక్కువ వోల్టేజీ కూడా ఇదే పని చేస్తుంది. ఆ రోజు మా ఇంట్లో రెండూ ఉన్నాయి.

మూడోది కూడా ఉంది. బయట యూనిట్ వెనక జాలీని ఆయన నీళ్లతో కడిగించాడు. మొదటి బకెట్ నీళ్లు సిరాలా కారాయి. బొగ్గు లారీల దుమ్ము, చంద్రపూర్ థర్మల్ బూడిద, గాలి ఎటు వీస్తే అటు. పక్కనే 2920 మెగావాట్ల కరెంటు కేంద్రం ఉంటుంది, మా ప్లగ్గులో మాత్రం 187. బూడిద వాటా మట్టుకు పూర్తిగా అందుతుంది. గదిలోంచి లాగిన వేడిని ఆ జాలీలోంచే బయటికి వదలాలి. అది మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరుగుతుంది, కంప్రెసర్ ఎదురీదాల్సి వస్తుంది. కడగక ముందు క్లాంప్ మీటరు 11 ఆంపియర్లు చూపింది. కెపాసిటర్ మార్చి, కడిగి, స్టెబిలైజర్ పెట్టాక 8 దగ్గర నిలబడింది. కెపాసిటర్ 350, ఆయన కూలి 500, స్టెబిలైజర్ 3,200. ఏసీ ఆ వేసవే కాదు, ఇంకో మూడు వేసవులు నడిచింది.

అందుకే అంటాను, బాగు చేయించాలా కొత్తది కొనాలా అన్నది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న, చచ్చిందని ఎవరు చూశారు? ఎలా చూశారు? మీటరు పెట్టకుండా చెప్పిన తీర్పు తీర్పే కాదు. అడగాల్సినవి పెద్ద విద్యలేం కావు. కెపాసిటర్ ఎంత చూపింది? కరెంటు ఎంత లాగుతోంది? కంప్రెసర్ మూడు తీగలకూ ఇనుప గుండుకూ మధ్య మెగ్గర్ (తీగల మీది పూత గట్టిగా ఉందో లేదో చెప్పే మీటరు) పెట్టావా? మూడో ప్రశ్నకే అసలు జవాబు ఉంటుంది. మోటారు తీగ చుట్ట కాలి గుండుకు తగిలితే మెగ్గర్ సున్నా చూపిస్తుంది, ఏసీ వేయగానే ఇంటి రక్షణ స్విచ్ అయిన ఎమ్‌సీబీ పడిపోతుంది. అప్పుడిక వాదన లేదు. ఈ ప్రశ్నలు అడిగితే మిస్త్రీకి కోపం వస్తుందేమో అని మొహమాటపడతాం. తెలిసినవాడికి కోపం రాదు, చెప్పడానికి సరదా పడతాడు.

ఇన్వర్టర్ ఏసీల్లో ఇంకో తిరకాసు. వర్ధా నది అవతల రాజురాలో మా బావమరిది ఉంటాడు. 2020లో కొన్నాడు, కంప్రెసర్‌కు పదేళ్ల వారంటీ. పోయిన ఏడాది వచ్చినవాళ్లు కంప్రెసర్ పోయిందన్నారు. కంప్రెసర్ ఉచితమే, కానీ గ్యాసు, కూలి, రవాణా కలిపి 7,200 అన్నారు. “ఫ్రీ అంటే గింతనా బావా?” అని ఫోన్ చేశాడు. పెద్ద మిస్త్రీని బండి మీద ఎక్కించుకుని వెళ్లాను. ఇన్వర్టర్ కంప్రెసర్‌లో మూడు చుట్టలూ ఒకేలా ఉంటాయి, ఏ రెండు తీగల మధ్య చూసినా ఒకే నిరోధం రావాలి. వచ్చింది. గుండుకు ఎక్కడా తగల్లేదు. కంప్రెసర్ శుభ్రంగా ఉంది. బయట యూనిట్‌లో మోటారును నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు మీద ఒక బల్లి ఎండి అప్పడమై అతుక్కుని ఉంది, దాని కింద మసి. చంద్రపూర్‌లో బోర్డులు బాగుచేసే కుర్రాడు 2,500కు సరిచేశాడు.

పదేళ్ల వారంటీ అని పెద్దక్షరాలతో రాసే భాగం అంత తేలిగ్గా పాడవదు కాబట్టే పదేళ్లు ఇస్తారని నా అనుమానం. తరచుగా పోయేది బోర్డు, దాని వారంటీ చిన్నక్షరాల్లో ఉంటుంది. అలాగని కంపెనీ వారంటీ వదులుకొమ్మని అనను. నాలుగైదేళ్ల ఏసీలో కంప్రెసర్ నిజంగానే పోయి, వారంటీ కూడా ఉంటే, ఆ ఏడు వేలు కట్టి వేయించుకోవడమే సరి. అక్కడ ఆలోచించేదేమీ లేదు.

ఇక 2025 మే చివరి వారం. ఈసారి మూలుగు కూడా లేదు. రిమోట్ నొక్కగానే టప్పున ఎమ్‌సీబీ పడింది. అదే కుర్రాడు వచ్చాడు. ఇప్పుడు వాడికి సొంత దుకాణం ఉంది, మీసాలొచ్చాయి. అదే మాటన్నాడు. నేను నవ్వి పెద్ద మిస్త్రీకి కబురు పెట్టాను. ఆయన మెగ్గర్ తిప్పాడు. ముల్లు సున్నా మీద నుంచి కదల్లేదు.

“ఈసారి పోరడు అన్నది నిజమే తమ్మీ.”

ఎందుకు పోయిందో చూడాలని నేనే పట్టుబట్టాను. పైపు కోసి, గుండును వంచి, నాలుగు చుక్కల నూనె తెల్ల కాగితం మీద వంపాడు. మా ఊళ్లో కాగితానికి కరువా, మిల్లు ఉన్న ఊరు. ఆర్-22 ఏసీలో ఆ నూనె నీళ్లలా తేటగానో, లేత పసుపుగానో ఉండాలి. కాగితం మీద పడింది కాటుక. చుక్క చుట్టూ గోధుమ రంగు వలయం పాకింది. వాసన పుల్లగా, ముక్కు లోపల గీరినట్టు. మా అమ్మ వంటింట్లోంచే కొంగు అడ్డం పెట్టుకుంది. చుట్ట మీది పూత కాలి, నూనెలో ఆమ్లం పుట్టింది. ఆ ఆమ్లం పైపుల నిండా తిరిగింది.

దీన్ని చంపింది ఎవరు అంటే, నేనే. మూడు వాయిదాల్లో. 2023లో చల్లదనం తగ్గితే 2,500 పెట్టి గ్యాస్ పట్టించాను. 2024లో మళ్లీ. 2025 మార్చిలో మళ్లీ. ఇక్కడ అందరూ సర్వీసింగ్‌లో భాగంగా ఏటా గ్యాస్ పట్టిస్తారు, నేనూ అంతే. కానీ గ్యాస్ పెట్రోలు కాదు, ఖర్చయ్యేది కాదు. మూసిన పైపుల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతోందనే. లోపలి యూనిట్ రాగి చుట్టలో సూదిమొన అంత రంధ్రం ఉంది. సబ్బు నురగ పెడితే బుడగ కనిపించేది. ఎవరూ పెట్టలేదు, నేను అడగలేదు. గ్యాస్ తగ్గితే తిరిగొచ్చే చల్లదనం తగ్గి కంప్రెసర్ కాగిపోతుంది, ఏసీ వేసినంతసేపూ ఆగకుండా తిరుగుతుంది. మార్చిలో పోసిన గ్యాస్ మే నాటికి గాలిలో కలిసింది. కిలో ఆర్-22 భూమిని వేడెక్కించడంలో 1,810 కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానం. ఏటా నేను 2,500 ఇచ్చి చేయించింది అదన్నమాట.

కారణం తెలిశాకే లెక్క వేయడానికి కూర్చున్నాను. కొత్త కంప్రెసర్ 8,500. గ్యాస్ 3,000. నైట్రోజన్‌తో పైపులు కడగడం, ఫిల్టర్ డ్రయ్యర్ మార్చడం, అతుకులు, కూలి కలిపి 3,000. ఇక్కడిదాకా 14,500. లోపలి యూనిట్ రాగి చుట్ట మార్చకుండా ఇదంతా చేయిస్తే కొత్త కంప్రెసర్‌ను కూడా అదే రంధ్రానికి బలిచ్చినట్టే. ఆ చుట్ట దొరికితే ఇంకో ఐదారు వేలు. మొత్తం 20 వేల చిల్లర. పైగా పదకొండేళ్ల యూనిట్. ఆర్-22 ఇంకా దొరుకుతోంది కానీ పోయే గ్యాసే. ఓజోన్ పొరను కాపాడే మాంట్రియల్ ఒప్పందం ప్రకారం మన దేశంలో ఈ జాతి గ్యాసులతో కొత్త యంత్రాల తయారీ 2024తో ఆగిపోయింది, 2030 నాటికి వాడకం దాదాపు ముగియాలి. “ఆర్-32 పోసేయొచ్చు, ఇంకా కూలింగ్ వస్తది” అని ఒకాయన సలహా ఇచ్చాడు. ఆ మాట ఎవరన్నా చెబితే టీ ఇచ్చి పంపేయండి. ఆర్-32 కొత్త ఏసీల గ్యాస్, దాని ఒత్తిడి ఆర్-22 కంటే ఒకటిన్నర రెట్లు పైనే, నూనె వేరు, కొద్దిగా అంటుకునే గుణం కూడా ఉంది. పాత పైపులు దానికోసం పుట్టలేదు.

కొత్తది మూడు చుక్కల ఇన్వర్టర్ ఒకటి 40 వేల దగ్గర ఉంది. దుకాణంలో అమ్మే అబ్బాయి కరెంటు ఆదా లెక్క చెప్పాడు, రెండేళ్లలో పెట్టుబడి తిరిగొస్తుందట. ఈ మాట దగ్గర కొంచెం ఆగాలి.

చుక్కల పట్టీ మీద రాసే యూనిట్లు ఏడాదికి 1,600 గంటల వాడకానికి లెక్కకట్టినవి. మేం వాడేది మహా అయితే 800 గంటలు. అందులో సగం తీసేశాం. ఇంకోటి, ఆ లెక్కలో బయటి వేడి 24 డిగ్రీల నుంచి 43 దాకానే ఉంటుంది. మా ఊళ్లో అసలు ఎండ మొదలయ్యేదే అక్కడ! ఒకటిన్నర టన్ను అనే మాట కూడా బయట 35 డిగ్రీలు ఉన్నప్పటిది. 46లో అదే యంత్రం తక్కువ చల్లదనం ఇస్తుంది, ఎక్కువ కరెంటు తాగుతుంది. అందుకని పట్టీ మీది అంకెకు కొంత కలుపుకుని వేశాను. పాతది ఏడాదికి 900 యూనిట్లు, కొత్తది 600. మిగిలేది 300. అప్పట్లో మా బిల్లులో నెలకు 300 దాటిన యూనిట్ దగ్గరదగ్గర 15 రూపాయలు ఉండేది. అంటే ఏడాదికి 4,500. రిపేరుకూ కొత్తదానికీ తేడా 20 వేలు కాబట్టి నాలుగున్నరేళ్లు. రెండేళ్లు కాదు. రోజంతా నడిచే దుకాణానికైతే ఆ అబ్బాయి చెప్పింది నిజం కావచ్చు, రాత్రిపూట ఆరేడు గంటలు వేసుకునే ఇంటికి కాదు. లోపలి చుట్టలో రంధ్రం లేకపోయి ఉంటే, తేడా 26 వేలయ్యేది, నేను కళ్లు మూసుకుని కంప్రెసర్ వేయించేవాణ్ణి. కరెంటు ఆదా అనేది కొనడానికి దొరికిన కారణం మాత్రమే, కొనాల్సిన కారణం కాదు.

అయితే కొత్తది కొన్నానా? వెంటనే కొనలేదు. మే చివర్లో ఏసీ కొనేవాడు బేరమాడలేడు, బిగించేవాడు నిలబడి పనిచేయడు, మనకూ ఓపిక ఉండదు. మహా అయితే రెండు మూడు వారాల్లో వానలు. “ఆ పెట్టెకు పెట్టే పైసలతోని వంద కూలర్ల గడ్డి వస్తది” అని అమ్మ ఎప్పటి నుంచో అనే మాటే. అటక మీది కూలరు దించి, కొత్త గడ్డి తడకలు వేసి, 280 రూపాయలతో ఆ వేసవి గట్టెక్కాం. బాపు మాత్రం మోత అంటూ గొణిగాడు. జులైలో గాలిలో తేమ వచ్చాక కూలరు పనికిరాదు, ఉక్కపోతకు ఫ్యానే దిక్కు. ఆ నెల రోజులు కష్టమే, దాచను. సెప్టెంబర్ 22న ఏసీల మీద జీఎస్టీ 28 నుంచి 18కి దిగింది. 40 వేలది 36,900కు వచ్చింది. అది నా తెలివి కాదు, అదృష్టం.

చిన్న ముచ్చట. 1902లో విలిస్ క్యారియర్ అనే ఇంజినీరు మొదటి ఆధునిక ఏసీ తయారుచేసింది మనిషి కోసం కాదు. అమెరికాలోని బ్రూక్లిన్‌లో ఒక అచ్చు కార్ఖానాలో తేమకు కాగితం సాగి రంగులు పక్కకు పడుతుంటే, ఆ కాగితం కోసం. కాగితపు ఊళ్లో ఉంటూ ఇంత ఆలస్యంగా తెలిసింది నాకు. బాపుకు చెబితే, “అయితే కాయిదానికి ఉన్న ఇజ్జత్ నాకు లేకపాయె” అన్నాడు.

అక్టోబర్ రెండో వారంలో బిగించడానికి ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. బయట యూనిట్ ఈసారి పడమటి గోడకు కాదు, లారీలు పోయే రోడ్డుకు వెనక, ఉత్తరం గోడకు పెట్టించాను. దానికి రాగి పైపు నాలుగడుగులు ఎక్కువైంది. పాత పైపులే వాడేద్దాం, డబ్బు మిగులుతుంది అన్నారు. ఆ కాగితం మీది కాటుక చుక్క గుర్తొచ్చి వద్దన్నాను. పైపులు కలిపాక ఒకడు పానా తీసుకుని బయట యూనిట్ వాల్వు తిప్పబోయాడు. కొంచెం గ్యాస్ వదిలి, దాంతోనే పైపుల్లో గాలిని తోసేసే పద్ధతి. అందరూ చేసేదే. కానీ గాలితోపాటు తేమ అంతా పోదు, అది పోవాలంటే వాక్యూం పంపుతో లాగేయాలి. ఈ కొత్త గ్యాస్‌తో వాడే నూనె తేమను స్పంజిలా పీల్చుకుని ఆమ్లంగా మారుతుంది. మళ్లీ పదేళ్ల తర్వాత చూడాల్సిన చావుకు మొదటి రోజే విత్తనం వేసినట్టు.

“వాక్యూం పంప్ ఏది బాబూ?”

ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. దుకాణంలో ఉందన్నారు. అవసరం లేదు కాకా, కంపెనీ గ్యాస్ ఎక్కువే ఇస్తది అన్నారు. తెచ్చేదాకా వాల్వు ముట్టుకోవద్దని చెప్పి కుర్చీ తెచ్చుకుని యూనిట్ పక్కనే కూర్చున్నాను. పెద్దవాడు సణుగుతూ బండి తీశాడు. చిన్నవాడికి అమ్మ మజ్జిగ ఇచ్చింది. వాడు గ్లాసు పట్టుకుని గేజ్ వంక చూస్తూ, “వాక్యూం పట్టకపోతే ఏమైతది కాకా, నిజంగా?” అని అడిగాడు. లోపలికెళ్లి ఆ నూనె కాగితం తెచ్చి చూపించాను. వాసన చూడబోయి తల వెనక్కి తీసుకున్నాడు. పంప్ వచ్చేసరికి నాలుగున్నర అయింది. అరగంట నడిపారు. ఆపాక ముల్లు కదులుతుందేమోనని మేం ముగ్గురం ఇంకో పది నిమిషాలు దాన్నే చూస్తూ నిలబడ్డాం.